అడిగి నడవాల్సిన దారి

మా మేనత్త పోయిందన్న కబురు నాకు చావు కబురులా రాలేదు. నరసరావుపేటలో రిజిస్ట్రారు కచేరీ ఎదురుగా నేను దస్తావేజులు రాసుకునే పందిరి ఒకటుంది. పోయిన నెల ఒక పొద్దున ఆ పందిరి కిందికి ఆమె మరిదిగారి పాలేరు వచ్చి నిలబడ్డాడు. చేతులు కట్టుకుని, ఎవరో వల్లె వేయించినట్టు ఒక్క గుక్కలో చెప్పాడు.

"అయ్యా, జీవితాంత హక్కు అయిపోయిందంట. ఇంక రెండెకరాలూ మా ఆసామికి వచ్చినట్టేనా, ఇంకేమన్నా కాయితం రాయాలా అని అడిగి రమ్మన్నాడు."

"హక్కు అయిపోవడమేందిరా?" అన్నాను.

వాడు తల దించుకున్నాడు. "పెద్దమ్మ తెల్లారగట్ల పోయిందయ్యా. పాపం, రాత్రి కూడా నాకు మజ్జిగ పోసింది."

వాడిమీద నాకు కోపం లేదు. ఆ ఇంటివాళ్ళలో ఆ రోజు ఆమె కోసం కళ్ళు తుడుచుకున్నవాడు వాడొక్కడే. కానీ చూశారా, వదిన శవం ఇంకా లేవకముందే ఆ పెద్దమనిషికి కావలసింది ఒక చట్టం మాటకి అర్థం. ఆమె బతికుంటే ఆ అర్థం తానే చెప్పేది, రెండు తిట్లు కలిపి మరీ చెప్పేది.

నేను బండి మాట్లాడుకుని ఊరికి వెళ్ళేసరికి అరుగు మీద జనం నిండిపోయి ఉన్నారు. ఎవరి నోట విన్నా పొగడ్తే. ఎంత ధైర్యవంతురాలు, ఎంత తెలివిగలది, ఊరికి పెద్దదిక్కు. పొగిడేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ చూస్తూ కూర్చున్నాను. పొద్దున్నే ఆమె ఎదురైతే శకునం చెడిందని వెనక్కి వెళ్ళి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరినవాళ్ళు అందులో ఉన్నారు. ఆమెకి 'లాపాయింటు' అని పేరు పెట్టి, అరుగు దిగగానే కిసుక్కున నవ్వినవాళ్ళున్నారు. అదే నవ్వు నవ్వుకుని, మర్నాడు తమకి కాగితం చిక్కు వస్తే పెరటి గుమ్మంలోంచి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నవాళ్ళూ వాళ్ళే. వాళ్ళందరినీ చూస్తే నాకు అసహ్యం వేసింది. అయితే వాళ్ళని అనే ముందు నన్ను నేను అనుకోవాలి. ఆమెకి జరిగిన అన్యాయంలో నా చేతి రాత ఉంది. ఉత్త మాటవరసకి అనడం లేదు, నిజంగానే నా దస్తూరీ, నా సిరా.

మా మేనత్తది ఊళ్ళో సంబంధమే. పెళ్ళిలో మా తాత ఆమెకి పసుపు కుంకుమల కింద రెండెకరాల పొలం ఇచ్చాడు. ఇచ్చాడంటే, పదిమందిలో పీటల మీద చెప్పి ఇచ్చాడు. కాగితం రాయలేదు. కూతురికిచ్చేదానికి కాగితం రాస్తే అల్లుడు చిన్నబుచ్చుకుంటాడని ఆయన మర్యాద. పొలానికి పట్టా ఎవరి పేరు మీద మార్చాలని కరణం అడిగితే, ఆడపిల్ల పేరెందుకు, అల్లుడి పేరు రాసుకోమన్నాడు. అది ఇంకో మర్యాద. మా ఇంట్లో మర్యాదకి లోటు లేదు.

మా మామయ్య పిల్లలు పుట్టకుండానే జ్వరం వచ్చి పోయాడు. అప్పటికి అత్తకి ముప్ఫయ్యేళ్ళు కూడా లేవు. తలమీద ముసుగు, ఒంటిమీద తెల్లచీర, ఆ రెండెకరాలు, ఇవే ఆమెకి మిగిలినవి. ఆమె పొలం మీద పడింది. జొన్న వేసింది, కంది వేసింది, వానలు బాగుంటే మిరప వేసింది. ఊరి చివర పల్లెలో ఉండే మరియమ్మ కలుపుకి వచ్చేది. ఇద్దరూ పక్కపక్క సాళ్ళలో వంగి, పొద్దు గూకేదాకా కబుర్లు చెప్పుకుంటూ కలుపు తీసేవాళ్ళు. ఆ ఇద్దరి కబుర్లలో మునసబు దగ్గర్నుంచి గవర్నరు దాకా ఎవరికీ మర్యాద దక్కేది కాదు.

అలా కొన్నేళ్ళు గడిచాక మరిదిగారికి జ్ఞానోదయమైంది. పట్టా అన్నగారి పేరు మీద ఉంది, అన్నా తనూ ఉమ్మడి, అన్న పోయాడు కాబట్టి పొలం తనది. దావా వేశాడు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఆ దావాకి నాలుగేళ్ళ ముందు అత్త పొలానికి దక్షిణాన ఉన్న చేను చేతులు మారింది. ఆ క్రయ దస్తావేజు రాసింది నేనే. అమ్మకం కాగితంలో అన్నిటికన్నా ముఖ్యమైనది చెక్కుబందీ, అంటే నాలుగు వైపులా ఏమేముందో చెప్పే హద్దుల వివరం. కాగితంలో ఎకరాల లెక్క ఒకలా ఉండి హద్దులు ఇంకోలా ఉంటే, హద్దులే గెలుస్తాయి. ఆ చేనుకి ఉత్తరపు హద్దు మా అత్త పొలం. అది ఆమెదని నాకంటే బాగా తెలిసినవాడు లేడు, పీటల పక్కన కూర్చుని బెల్లంముక్క చప్పరిస్తూ మా తాత మాట విన్నవాణ్ణి. అయినా నేను 'ఉత్తరం' అని రాసి, మరిదిగారి పేరు రాశాను.

ఎందుకు రాశానంటే, అందరం అలాగే రాసేవాళ్ళం. విధవరాలి పేరు, అందులోనూ సొంత మేనత్త పేరు, పదిమంది చేతులు మారే కాగితంలో ఎక్కించడం పద్ధతి కాదు. ఆ ఇంటి మగవాడి పేరు రాస్తే సరిపోతుంది, పొలం ఎవరిదో ఊరికి తెలియదా ఏమిటి? మా పల్నాట్లో వీధికొక వీరుడున్నాడని చెప్పుకుంటాం గానీ, హద్దుల్లో ఆడదాని పేరు రాసే వీరుడు మాత్రం నాకు ఆ రోజుల్లో కనబడలేదు.

మునసబు కోర్టులో ఆ దస్తావేజు తెచ్చి నా చేతిలో పెట్టాడు మరిదిగారి వకీలు.

"ఇది మీ దస్తూరీయేనా?"

"నాదేనండి."

"ఉత్తరపు హద్దు చదవండి."

చదివాను. హాల్లో నా గొంతు నాకే వినబడుతోంది.

"ఇది నిజం రాశారా, అబద్ధం రాశారా?"

అత్త తలుపు పక్కన నిలబడి ఉంది. నేను అటు చూడలేదు. అబద్ధం రాశానని ఒప్పుకుంటే, రేపట్నుంచి నా పందిరి కిందికి ఎవడొస్తాడు? అబద్ధపు హద్దులు రాసేవాడని పేరొస్తే నా పొయ్యిలో పిల్లి లేవదు. పద్ధతి ప్రకారం రాశానని, పొలం ఆమెదేనని చెప్పొచ్చు. చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆ ఒక్క నిమిషం ధైర్యం నాకు లేకపోయింది.

"రాసింది రాసినట్టేనండి," అన్నాను.

బయటికి వచ్చాక ఆమె తనతో తెచ్చుకున్న చెంబు నా చేతికిచ్చింది. "తాగరా. నోరు ఎండిపోయుంటది. నిజం మింగావు గదా, అంత తేలిగ్గా దిగదు." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఈపాటికి మర్చిపోయి ఉండేవాణ్ణి.

చివరికి పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. బతికున్నంతకాలం పొలం ఆమె అనుభవించొచ్చు. అమ్మకూడదు, తనఖా పెట్టకూడదు, ఎవరికీ రాసివ్వకూడదు. ఆమె తదనంతరం మరిదికి. దీన్నే జీవితాంత హక్కు అంటారు. ఆమె మాటల్లో అయితే, "నేనెప్పుడు చస్తానా అని వాడు రోజూ పొద్దున్నే నా మొహం చూసే హక్కు." రాజీ గురించి కూడా ఆమెకో మాట ఉండేది. "రాజీ అంటే ఇద్దరూ సమానంగా ఏడవాలిరా. ఇద్దట్లో ఒకడు నవ్వుతున్నాడంటే అది రాజీ కాదు."

కాగితం మీద వేలిముద్ర వేసిన మర్నాడే పందిరి కిందికి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నూనె సిరా మరక ఆమె బొటనవేలి మీద ఇంకా పోలేదు.

"చదువు నేర్పు."

పలక తెప్పించి అ, ఆ రాయబోయాను. పలక లాక్కుంది.

"అమ్మ, ఆవు నాకెందుకురా? వాటిని చూస్తూనే ఉన్నా. తూర్పు రాయి. దక్షిణం రాయి. నా పేరు రాయి."

అలా నలభయ్యేళ్ళ వయసులో మా మేనత్త హద్దులతో అక్షరాభ్యాసం చేసింది. రెండేళ్ళలో దస్తావేజులు కూడబలుక్కుని చదివేది. పుస్తకాలు ఏవీ చదవలేదు, పురాణం చేతికిస్తే, "ఇందులో సాక్షి సంతకాలు లేవు గదా," అని తిరిగి ఇచ్చేసేది. సంత రోజున ఎవరి బండి వస్తే ఆ బండెక్కి పేటకి వచ్చి, నా పందిరి గుంజకి ఆనుకుని కూర్చునేది. బొడ్లో పొగాకు కాడ, ఒళ్ళో గుడ్డ సంచి. వేలిముద్ర వేయబోతున్న ప్రతివాణ్ణీ ఆపేది.

"ఏందయ్యా వేస్తున్నావు, ఏందనుకుని వేస్తున్నావు?"

వాడు నన్నో, నాలాంటివాణ్ణో చూపించేవాడు. ఆమె కాగితం తీసుకుని చదివి చెప్పేది. నేను అరగంట చెప్పినా ఎక్కనిది ఆమె ఒక్క ముక్కలో ఎక్కించేది. పట్టా ఉంది కాబట్టి పొలం నాదేనని ఎవడైనా ఎగిరితే, "పట్టా అంటే పశువు మెళ్ళో బిళ్ళ. శిస్తు కోసం సర్కారు కట్టింది. పాలు ఎవరివో బిళ్ళ చెప్పదు," అనేది. అప్పు తీరేదాకా పొలం అప్పిచ్చినవాడి చేతికే అప్పగించే స్వాధీన తనఖా పెట్టబోయేవాడితో, "ఆవు నీదేనంటాడు. పాలు వాడు పిండుకుంటాడు, పేడ కూడా వాడే ఎత్తుకుపోతాడు. నువ్వు అప్పుడప్పుడూ పోయి దాని మొహం చూసుకో," అనేది. పిల్లల మీద ప్రేమ పొంగి ఆస్తి అప్పటికప్పుడే దఖలు రాసిచ్చేస్తానని వచ్చిన ముసలాళ్ళంటే ఆమెకి మరీ చిరాకు. "వీలునామా అయితే చచ్చేదాకా నీ చేతిలో ఉండిద్ది, కోపమొస్తే చింపి ఇంకోటి రాసుకోవచ్చు. దఖలు ఆ రోజే చెయ్యి దాటి పోయిద్ది. దఖలు రాసిన మర్నాటి నుంచి నీ మజ్జిగ పల్చబడుద్ది, చూసుకో," అనేది. పల్చబడిన మజ్జిగ తాగుతూ కూడా ఆమె మాట గుర్తుచేసుకున్న ముసలాళ్ళు నాకు ఇద్దరు తెలుసు.

ముద్దతు క్రయం అని ఇంకోటి ఉంది. అవసరానికి పొలం అమ్మినట్టు రాసి, ఫలానా గడువులోగా సొమ్ము కట్టి వెనక్కి తీసుకోవచ్చని షరతు పెట్టుకోవడం. మా వైపు అలా రాయించుకునే ఒక పెద్దరైతు ఉండేవాడు. గడువు దగ్గరపడేసరికి ఆయనకి ఎక్కడలేని భక్తీ పుట్టుకొచ్చేది. అమరావతి వెళ్ళి కృష్ణలో స్నానం చేసి, అమరేశ్వరుడి సన్నిధిలో మూడు నిద్రలు చేసి, గడువు దాటాక తీర్థం పట్టుకుని తిరిగొచ్చేవాడు. ఈలోగా సొమ్ము మూటగట్టుకుని వచ్చిన బీదరైతు ఆయన అరుగు మీద కూర్చుని ఏడ్చేవాడు. ఒకసారి అత్త ఒక పిల్లరైతుని పిలిచి చెప్పింది.

"గడువు నాడు పోమాక. వారం ముందే పో. ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని, నడివీధిలో నిలబడి పేరు పెట్టి పిలువు. దేవుడి దగ్గరికి పోవాలన్నా ముందు నీ మొహం చూసే పోవాలి."

అతని పొలం అతనికి దక్కింది. ఆ పెద్దరైతు భక్తి ఆ ఏడాదితో ఆగిపోయింది.

మీకు ఆమెని సాధువులా చూపించే ఉద్దేశం నాకు లేదు. ఆమె నోటికి జడిసి ఊళ్ళో కోడళ్ళు పక్కన కూర్చునేవారు కాదు. ఎదుటివాడి తెలివితక్కువతనం కనబడితే దాచుకోవడం ఆమెకి చేతకాదు. నన్ను ఇన్నేళ్ళలో ఒక్కసారీ క్షమించాననలేదు. నేనూ అడగలేదు. కానీ నేను రాసిన ప్రతి హద్దూ ఆమె చదివేది. ఎక్కడైనా 'ఫలానావారి భార్య పొలం' అని కనబడితే వేలు పెట్టి పొడిచేది. "దీనికి పేరు లేదా?" మెల్లిమెల్లిగా నా కాగితాల్లోకి ఆడవాళ్ళ పేర్లు వచ్చాయి. తోటి రాయసగాళ్ళు నవ్వారు. తర్వాత కక్షిదారులే అడగడం మొదలుపెట్టేసరికి నవ్వు మానేశారు.

ఇక ఆ ముప్ఫై సెంట్ల కథ. అత్త రెండెకరాలకి తూర్పున లోతు వాగు, ఉత్తరాన జెముడు కంచె, దక్షిణాన మిరపతోట ఆసామి. ఆ ఆసామి తన గట్టు మీద కాకి వాలినా ఊరుకోడు. బండి గానీ, నాగలి గానీ పొలంలోకి దిగాలంటే పడమటి వైపు డొంక బాటలోంచే దిగాలి. డొంకకీ పొలానికీ మధ్య ముప్ఫై సెంట్ల గరువు నేల ఒకటుంది. అది బండిచక్రాలు చేసే సాయిబుది. యుద్ధం రోజుల్లో ఆయన కొడుకు దగ్గరికి వినుకొండ వెళ్ళిపోతూ దాన్ని అమ్మజూపాడు. పద్ధతి తెలిసినవాడు కాబట్టి ముందు మరిదిగారినే అడిగాడు.

"ఆ రాళ్ళ ముక్క నాకెందుకు సాయిబూ? గొర్రె కూడా మూతి పెట్టదు. మా వదినకియ్యి, ఆమెకి పనేముంది," అన్నాడు ఆయన, అరుగు మీద అందరూ నవ్వేలాగా.

సాయిబు నిజంగానే వదినకిచ్చాడు. ఆమె పెట్టెలో అడుగున, మామయ్య పోయిన రోజు మెళ్ళోంచి తీసిన కంటె ఉండేది. అది అమ్మేసి కొనుక్కుంది. ముసలిదానికి మతి పోయిందని ఊరంతా అనుకుంది. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను.

దస్తావేజు నేనే రాశాను. యుద్ధం మూలాన కాగితం కరువు, ఒక్క మాట దండగ చెయ్యకూడదని నేను పొదుపుగా రాస్తున్నాను. ఆమె సాయిబుని అడిగింది.

"అన్నా, మా పొలానికి నీ నేల మీదగా నడిచాం గదా ఇన్నాళ్ళూ. హక్కుగా నడిచామా, అడిగి నడిచామా?"

"అడిగే నడిచారమ్మా. మా నాయిన కాలం నుంచీ అంతే. ప్రతి తొలకరికీ మీ నాయినగారు వచ్చి, సాయిబూ, దారియ్యి అనేవాడు. మేం ఇచ్చేవాళ్ళం."

"అది రాయరా."

"అలాంటివి దస్తావేజులో రాసే వాడుక లేదత్తా," అన్నాను.

"నీ వాడుకలో నా పేరు కూడా లేదు గదా."

రాశాను. నాకు కూడా అప్పుడే వెలిగింది. ఒకరి నేల మీద ఇరవయ్యేళ్ళు ఎవరినీ అడగకుండా, దర్జాగా, హక్కులా నడిస్తే అది దారి హక్కు అవుతుంది. అడిగి నడిచిన దారి మాత్రం వందేళ్ళు నడిచినా హక్కు కాదు, దయే. నేలగలవాడు ఏడాదికేడాది ఇచ్చే అనుమతి. చట్టంలో ఎన్నోసార్లు చదివాను గానీ, దాని పవరు ఆ రోజు ఆ ముసలమ్మ నోట విన్నాకే నాకు తెలిసింది.

అదే సమయానికి మరిదిగారు వేరే పని మీద కచేరీకి వచ్చి ఉన్నాడు. వదిన భూమి కొంటోందని తెలిసి నవ్వుకుంటూ పందిరి కిందికి వచ్చాడు. "మా వదిన జమీందారిణి అవుతుంటే సాక్షి సంతకం నేను కాక ఎవరు పెడతారు? ఇటియ్యరా కలం."

"పెట్టించు," అంది అత్త నాతో. "కాయితం అంతా చదివి వినిపించి, విన్నట్టు కూడా రాయించుకుని పెట్టించు."

మొదటి నుంచి చివరిదాకా చదివాను. అడిగి నడిచే దారి సంగతి కూడా గొంతెత్తి చదివాను. నేను చదువుతున్నంతసేపూ ఆయన పక్కవాడితో పరాచికాలాడుతూనే ఉన్నాడు. 'చదవగా విని' అని రాసి, కింద తోకలు తిప్పి పెద్ద సంతకం చేశాడు. కచేరీలో రిజిస్ట్రారు ముందు, కొనుగోలుదారు చోట అత్త తన పేరు తనే రాసింది. ఒక్కో అక్షరం నారు నాటినట్టు నొక్కి నొక్కి రాసింది. రిజిస్ట్రారు గడియారం చూసుకున్నాడు, ఆమె చూసుకోలేదు.

ఆ నేలలో రాళ్ళేరి కళ్ళం చేసింది. ఏటా కంకులు అక్కడే కొట్టించేది. రెండేళ్ళ కిందట నన్ను పిలిచి ఆ కళ్ళానికి వీలునామా రాయమంది. ఎవరి పేరు రాయాలని అడిగాను. నా పేరు చెబుతుందేమోనని లోపల చిన్న ఆశ కూడా ఉంది, దాచుకోను.

"మరియమ్మ పేరు రాయి."

నా మొహం చూసి నవ్వింది. "నీకిస్తే ఏమయిద్దో తెలుసా? మా మరిది వచ్చి, అల్లుడూ అని ఒక్క పిలుపు పిలుస్తాడు, నువ్వు లేచి నిలబడి దారిచ్చేస్తావు. మర్యాదస్థుడివి."

మరియమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "అడిగితే ఇయ్యి. కాదనమాక. చేనుకి పోయే ఎద్దుల్ని ఆపితే పాపం. గాని ఏటేటా అడగాలి. ఎవరి కళ్ళమో పేరు పెట్టి అడగాలి." మరియమ్మ తలూపింది.

పన్నెండో రోజు దాటగానే మరిదిగారు స్వయంగా నా పందిరికి వచ్చాడు. చెప్పులు విప్పకుండానే చాప మీద కూర్చున్నాడు.

"అల్లుడూ, పొలం చేతికొచ్చింది గాని ఏటేటా అడిగితేగాని దిగడానికి దారి లేదంటంది ఆ మరియమ్మ. వానలొచ్చేట్టున్నాయి. ఒక కాయితం రాయి. ఇరవయ్యేళ్ళ పైగా ఆ కళ్ళం మీదగా మా బండ్లు హక్కుగా నడుస్తున్నయ్యని. సాక్షివి నువ్వే. అప్పుడు కోర్టులో ఎంత చక్కగా చెప్పావో అట్టాగే చెప్పు."

ఆ చివరి మాట ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. నేను లేచి, పెట్టెలోంచి సాయిబు దస్తావేజు నకలు తీసి ఆయన ఒళ్ళో పెట్టాను.

"ఈ సంతకం మీదేనా మావయ్యా?"

చూశాడు. మొహం మాడింది. "అదేదో నవ్వులాటకి పెట్టిందిరా."

"ఆ రోజు నేను ఆ హద్దు రాసింది కూడా మర్యాదకే. కోర్టులో అది హద్దుగానే చెల్లింది గదా. రాసింది రాసినట్టే."

ఇన్నేళ్ళ తర్వాత అదే మాట నా నోట్లోంచి వచ్చింది. వినవలసిన మనిషి మాత్రం గుంజకి ఆనుకుని కూర్చుని లేదు, అదొక్కటే నాకు ఏడుపు. ఆమె మీద నాకున్న ప్రేమంతా ఇలా ఆలస్యంగా, ఇలా ఒక ముసలాడి మీద కసిగానే బయటికి వచ్చింది. నేను ఇంతకంటే గొప్పవాణ్ణని చెప్పుకోలేను.

మొన్న మొదటి వాన పడింది. పదును ఆరిపోకముందే దున్నాలి, ఊరంతా నాగళ్ళు కట్టింది. నేను పనేమీ లేకపోయినా ఊరికి వెళ్ళాను, డొంకలో తుమ్మచెట్టు కింద నిలబడ్డాను. మరిదిగారు, ఆయన పాలేరు, నాగలి కట్టిన ఎద్దులు డొంకలో ఆగి ఉన్నారు. ఎదురుగా తడిసిన కళ్ళం మధ్యలో, అత్త పాత గోనెపట్టా నెత్తిన కప్పుకుని మరియమ్మ కూర్చుని ఉంది.

"దారియ్యి మరియమ్మా," అన్నాడాయన, ఎటో చూస్తూ.

"ఇస్తానయ్యా. ఎవరి కళ్ళం మీదగా పోవాలి?"

"మా వదినది."

"ఊళ్ళో వదినలు చానామంది ఉన్నారయ్యా. అమ్మ పేరు పెట్టి అడగమంది."

ఆయన పాలేరు వైపు చూశాడు. వాడు ఎద్దుల వైపు చూశాడు. ఎద్దులు ముందున్న తడినేల వాసన చూస్తూ తలలాడిస్తున్నాయి. డొంకలో ఇంకో రెండు నాగళ్ళు వచ్చి వెనక ఆగాయి. ఆ ఇంటి కోడలిగా వచ్చి నలభయ్యేళ్ళ పైన బతికిన మనిషి పేరు, ఆ ఇంటి మగవాడి నోట ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆయన గొంతు సవరించుకుని, మెల్లిగా, మొదటిసారి కూడబలుక్కుని చదువుతున్నవాడిలాగా, మా మేనత్త పేరు పలికాడు.

"గట్టిగా అయ్యా, వాన చప్పుడుకి వినబళ్ళా," అంది మరియమ్మ. వాన అప్పటికే వెలిసిపోయింది.

ఆయన మళ్ళీ పలికాడు. చివర 'గారు' కూడా చేర్చాడు. మరియమ్మ లేచి, గోనెపట్టా దులుపుకుని, పక్కకి జరిగి నిలబడింది. ఎద్దులు కళ్ళంలోకి అడుగుపెట్టాయి.